తాయారు ఒప్పుకున్న తప్పు

పొలం నుంచి వచ్చిన గణపతిరావు వాకిట్లో కుళాయి కింద కాళ్ళు పెట్టి, పిక్కలకి పట్టిన బురద రుద్దుకుంటూ ఉండగా ముందు గదిలోంచి కోడలి గొంతు వినబడింది. యమున గొంతు పెంచి మాట్లాడే పిల్ల కాదు. పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన దగ్గరనుంచీ ఆ గొంతు గడప దాటి వినబడటం ఆయన ఎరగడు. కుళాయి కట్టేసి, తడికాళ్ళతోనే గుమ్మం దగ్గరికి వచ్చాడు.

ఒకప్పుడు ధాన్యం బస్తాలు పేర్చుకునే గది అది. ఇప్పుడు అందులో ఒక బల్ల, బల్ల మీద కంప్యూటరు, ప్రింటరు, వేలిముద్రలు తీసుకునే చిన్న మిషను ఉన్నాయి. సంపెంగవలసలో పింఛను కాగితమైనా, పిల్లల హాల్‌టిక్కెట్టైనా, పొలం అడంగలైనా యమున దగ్గరికే రావాలి. ఈ వారమంతా పంట బీమా నమోదు. కిందటేడు వంశధార పొంగి పొట్ట మీదున్న చేలన్నీ ముంచేసింది కాబట్టి ఈసారి బీమా వద్దన్న రైతు లేడు. గడువు దగ్గర పడింది. ఆధార్ కార్డులు పట్టుకుని పొద్దున్నే వచ్చిన జనం అరుగు మీదా గదిలోనూ నిండిపోయి ఉన్నారు.

వాళ్ళందరి మధ్యా యమున నిలబడి ఉంది. తెర నిండా నీలం రంగు, దాని మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు. ఆమె మళ్ళీ బటన్ నొక్కి ఆపింది, మళ్ళీ నొక్కింది. మిషను గుర్రుమంది, ఒక చక్రం తిరిగింది, మళ్ళీ అదే నీలం.

"ఎండాకాలంలోనే సెప్పినాను కదత్తా, తడిగుడ్డతో తుడవొద్దని! ఎన్నిసార్లు సెప్పాల? సూడండి ఇప్పుడేటయ్యిందో. ఈలందరికీ నేనేటి సమాధానం సెప్పాల?"

లోపలి గుమ్మంలో గణపతిరావు భార్య తాయారు నిలబడి ఉంది. ఆమె చేతిలో నిజంగానే తడిగుడ్డ ఉంది. జనమంతా ఆ గుడ్డవైపు చూశారు. అందులో జగన్నాధం ఒకడు. వరసకి తాయారుకి తమ్ముడు. నాలిక నోట్లో నిలవని మనిషి.

"అప్పా, పెద్దోల్ల సేతికి మిషన్లు అందకూడదని అందుకే అంటారు. గేదెను కడిగినట్టు కడిగీసినావేటి?" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

తాయారు ఆ గుడ్డని రెండు చేతుల్తో నలిపింది. "అవునమ్మా, తుడిసీసినాను. తెలీక సేసినాను," అంది. ఆ మాట అంటూ ఆమె కోడలివైపు కాక గణపతిరావు వైపు చూసింది.

ఆయనకి ముఖం వేడెక్కింది. ఈ గదిని కంప్యూటరుకి ఇవ్వడం ఆయనకి మొదట్నుంచీ ఇష్టం లేదు. బస్తాలు ఎక్కడ పెట్టుకోవాలని కొట్లాడాడు. ఆయన ఊళ్ళో లేని పూట చూసి, కూలీని పెట్టి బస్తాలన్నీ వెనక వసారాలోకి మోయించి, గది కడిగి ముగ్గేసింది తాయారే. అట్లాంటి మనిషిని ఇంతమందిలో నిలబెట్టి అనడమా? నోరు తెరిచి ఒక అడుగు లోపలికి వేశాడు.

"నువ్వు కాళ్ళు తుడుసుకో ముందు. గదంతా బురద సేస్తన్నావు," అంది తాయారు గట్టిగా. ఆయన నోరు అలాగే ఆగిపోయింది. తాయారు లోపలికి వెళ్ళిపోయింది.

జనం కాసేపు కూచుని, ఒక్కొక్కరే లేచారు. పక్క ఊళ్ళో ఇంకో కేంద్రం ఉంది గాని అక్కడ వరస తెమలదని గొణుక్కుంటూ వెళ్ళారు. యమున కుర్చీలో కూలబడి, పమిట చెంగుతో కళ్ళొత్తుకుంటూ నరసన్నపేటలో ఎవరికో ఫోను చేసింది. ఫోను పెట్టేసి, "మావయ్యా, పేటలో నీలవేణి గారని, మిషన్లు బాగుసేస్తారు. ఈ పెట్టొకటి అట్టుకెల్తే సూస్తానన్నారు. మళ్ళీ జనమొస్తే సమాధానం సెప్పాల, నేను ఎల్లలేను," అంది. ఆమె భర్త దేవేంద్ర గరివిడి ఫ్యాక్టరీలో పని చేస్తూ వారానికోసారి వస్తాడు. ఇంట్లో ఇంకెవరున్నారు?

గణపతిరావుకి ఇంకా కోపం తగ్గలేదు. అయినా పెట్టెకి దుప్పటి చుట్టాడు.

*

షేరాటో వాడు పెట్టెని పైన కడతానన్నాడు. గణపతిరావు ఒప్పుకోలేదు. ఒళ్ళో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతుల్తో పైకెత్తి పట్టుకుంటూ నరసన్నపేట చేరాడు. దిగేసరికి తొడలు తిమ్మిరెక్కాయి.

నీలవేణి దుకాణం బజారు వెనక సందులో, ఒక చెప్పుల కొట్టు పైన ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో ఆమెకి. ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, నుదుటి మీద కట్టుకున్న ఒక చిన్న దీపం, చేతిలో రంగులేసే కుంచె. చుట్టూ విప్పేసిన మిషన్లు. వాటి మధ్యే ఆమె టిఫిను గిన్నె.

"కూసో బాబాయ్. యమున సెప్పింది. తడి తగిలిందన్నాది," అంటూ మరలు విప్పి పక్క రేకు తీసింది. తీయగానే తుమ్మింది. "ఊకే ఊక! ధాన్యం గదిలో పెట్టారేటి?"

"ధాన్యం గదే. ఇప్పుడు కాదు," అన్నాడు గణపతిరావు.

ఆమె బ్లోయరు పెట్టి దుమ్ము ఊదింది. నుదుటి దీపంతో లోపలంతా, మూలమూలా చూసింది. చిన్న పచ్చటి పలక ఒకటి ఊడదీసి, దాని అంచుని పిల్లలు పెన్సిలు చెరిపే రబ్బరుతో రుద్ది, మళ్ళీ టక్కుమని బిగించింది. తన తెరకి తగిలించి నొక్కింది. నీలం. అవే తెల్ల అక్షరాలు.

"ఆ రబ్బరుతో పోద్దనుకున్నాను," అని పెదవి విరిచింది. కళ్ళజోడు సర్దుకుని అక్షరాలు చదివింది. "సిస్టం ఫైలు ఒకటి పాడయ్యింది, లేకపోతే అసలు లేదు అంటన్నాది."

"ఫైలు లేకపోవడమేటమ్మా? తాసిల్దారు ఆఫీసులోలాగ ఎవులైనా తీసీసినారా?"

నీలవేణి పకపకా నవ్వింది. "ఆ ఫైలు కాదు బాబాయ్. ఇది లేవగానే ముందు ఒకటి సదువుకుంటాది. నాకు ఏటేటి సామాన్లున్నాయి, ఏది ముందు లేపాల, ఏది తరవాత లేపాల అని. అది సదివితేనే మిగతా పని. ఇదిగో, అదే సగం ఉన్నాది, సగం నేదు."

"తడి వల్లేనా?"

"తడేటి, లోపల చుక్క తేమ లేదు. ఎండిపోయి ఊక రాలతన్నాది. తెర మీద తడిగుడ్డ పెడితే తెరకి మరకలు పడతాయి గాని ఫైలు పాడవదు."

ఆ మాట విని గణపతిరావు మోకాళ్ళ మీద చేతులు వేసి నిటారుగా కూచున్నాడు. ఇప్పుడే ఇంటికి పరిగెత్తి, ఆ జనం అంతటినీ, ముఖ్యంగా జగన్నాధాన్ని పిలిచి ఈ మాట చెప్పాలనిపించింది. "మరి దేనివల్ల?"

"ఆ ఫైలు రాసుకుంటన్నప్పుడు కరెంటు పోయుంటాది. నిన్న సాయంత్రం వానకి ఇక్కడా పోయింది కదా." ఆమె నల్లటి తెర ఒకటి తెరిచి ఏవో టైపు చేస్తూ, తల ఎత్తకుండానే అడిగింది. "యూపీఎస్ లేదా మీకు?"

"ఉన్నాది."

"ఉంటే ఇలగ ఎందుకు పడిపోతాది? ఫ్యాను ఆగినా మిషను ఆగదు. ఆపుకోడానికి టైముంటాది. బేటరీ ఏమైనా పోయిందా?"

గణపతిరావు కిటికీలోంచి కింద సందులోకి చూశాడు. చెప్పుల కొట్టువాడు రబ్బరు చెప్పులు దారానికి గుచ్చి వేలాడదీస్తున్నాడు. బేటరీ పోయింది. ఎండాకాలంలోనే పోయింది. 'మావయ్యా, పేట ఎల్లినప్పుడు బేటరీ ఒకటి తీసుకురండి, కరెంటు పోతే మిషను దబ్బున ఆగిపోతోంది' అని యమున చెప్పింది. విత్తనాలకని వెళ్తున్నప్పుడు మళ్ళీ చెప్పింది. 'ఆకుమడి పని అవనీ' అన్నాడు తను. ఆకుమడి అయింది. ఉడుపులు వచ్చాయి. ఈలోగా పేటకి ఎన్నిసార్లు రాలేదు? మోకుతాడుకి వచ్చాడు, పురుగుమందుకి వచ్చాడు, ఏ పనీ లేకపోయినా ఒక సాయంత్రం వచ్చి పకోడీలు తిని వెళ్ళాడు. ఒక్కసారీ గుర్తు రాలేదు. నిజానికి గుర్తు వచ్చింది, తేవాలనిపించలేదు. ఆ గది మీద తనకున్న చిన్న అలక అది.

"ఏమో, నాకు తెలీదు," అన్నాడు.

నీలవేణి మళ్ళీ తెర వైపు తిరిగింది. "ఈ ఫైలుకి ఇంకో కాపీ మిషనే దాసుకుంటాది. అది తెచ్చి దీని చోట్లో పెడితే లేస్తాది," అంటూ వెతికింది. ఆ చోటు దొరికింది. తెరిచి చూసి, 'చ' అని నాలిక కొట్టింది. పేరు ఉంది గాని లోపల ఖాళీ. ఇంకో దారి పట్టింది. మిషను చాలాసేపు గుర్రుమని, చక్రం ఈసారి ఎక్కువసేపు తిరిగింది. ఇద్దరూ ముందుకి వంగారు. మళ్ళీ నీలం.

"మొత్తం తుడిసీసి కొత్తది ఎక్కించీవచ్చు," అంది వెనక్కి వాలి. "నాకు అదే సుళువు. కానీ బీమా వాళ్ళు ఎక్కించిన పోగ్రాం, వేలిముద్రల మిషను లెక్క అన్నీ పోతాయి. మళ్ళీ శ్రీకాకుళం నుంచి వాళ్ళ మనిషి రావాల. గడువు దాటిపోద్ది. అందుకని నెమ్మదిగా సెయ్యాల. ముందు లోపలున్నవి తీసి పక్కన పెట్టీనీ. రేపు రా బాబాయ్."

లోపలివి సరిగ్గా వస్తున్నాయా లేదా అని ఆమె ఒకటీ అరా తెరిచి చూసింది. తెర మీద ఊరివాళ్ళ పాస్‌పోర్టు ఫొటోలు వరసగా వచ్చాయి. జగన్నాధం బిగుసుకుని, కళ్ళు పెద్దవి చేసి ఉన్నాడు. పింఛను ముసలమ్మలు, మీసాలు రాని కుర్రాళ్ళు. మధ్యలో తాయారు. బ్యాంకు కోసం యమున తీసిన ఫొటో. అందరూ శిలల్లా కూచున్న ఆ వరసలో తాయారొక్కతే నవ్వు ఆపుకోలేక పెదవులు బిగించి ఉంది. తీస్తున్నప్పుడు యమున ఏదో అని ఉంటుంది. అత్తాకోడళ్ళిద్దరూ అలా నవ్వుకోవడం ఆయన చాలాసార్లు చూశాడు గాని ఎందుకని ఎన్నడూ అడగలేదు.

"ఆగమ్మా, అదొకసారి ఉంచు," అన్నాడు.

నీలవేణి ఉంచింది.

*

ఆ రాత్రి అన్నాలకి కూచున్నారు. తాయారు పొద్దుట్నుంచీ ముందు గదిలోకి అడుగు పెట్టలేదని గణపతిరావుకి అర్థమైంది. దొడ్డిదారిన తిరిగి వాకిట్లోకి వస్తోంది, మళ్ళీ దొడ్డిదారినే పోతోంది. యమున వడ్డిస్తూ అత్తగారి కంచంలో వంకాయకూర రెండోసారి వేసింది. చాలని తాయారు చెయ్యి అడ్డం పెట్టలేదు, తినలేదు కూడా.

గణపతిరావు గొంతు సవరించుకున్నాడు. "తడి వల్ల కాదంట. లోపల చుక్క తడి నేదంట."

యమున చేతిలో గరిటె ఆగిపోయింది. "మరి దేనివల్ల పోయింది మావయ్యా?"

"ఏదో ఫైలంట. సగమే ఉన్నాదంట," అని ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

యమున ఆయన వంక చూసింది. తరవాత అత్తగారి వంక చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అత్తా..." అంది.

"ఇప్పుడెందుకమ్మా అయ్యన్నీ? పొద్దుట్నుంచి నువ్వేటి తిన్నావు? కూసో, నాను వడ్డిస్తాను," అని తాయారు ఆమె చేతిలో గరిటె తీసుకుంది. ఆ మాట మీద ఆ సంభాషణ అక్కడితో ముగిసిపోయింది. యమున తల దించుకుని అన్నం కలుపుకుంది. తాయారు మాత్రం మొగుడి వైపు ఒక చూపు చూసింది. ఆయన ఆ చూపుకి అందకుండా చెయ్యి కడుక్కోడానికి లేచాడు.

తెల్లవారుతూ ఉండగా తాయారు పాకలో గేదె పాలు తీస్తోంది. గణపతిరావు వెళ్ళి దూడ పలుపు పట్టుకున్నాడు. రోజూ దాన్ని రాటకి కడతారు, ఎవరూ పట్టుకోవక్కర్లేదు. పాలధార బకెట్టులో సుయ్యి సుయ్యిమంటోంది.

"ఒసే, నిజం సెప్పు. నిన్న నువ్వు తుడిసినావా?"

"నేదు."

ఆయన పలుపు వదిలేశాడు. దూడ ముందుకి ఉరికింది. మళ్ళీ పట్టుకున్నాడు.

"ఎండాకాలంలో ఒకపాలి తుడిసినాను. వద్దన్నాది, మానీసినాను. నిన్న ఆ గదిలోకే ఎల్లనేదు. దూడ మూతికి కుడితి అంటుకుంటే తుడిసి, ఆ గుడ్డ తడిపి అట్టుకొస్తన్నాను. దాని కేక ఇని గుమ్మంలోకొచ్చినాను."

"మరెందుకే ఒప్పుకున్నావు? అంతమందిలో? ఆ జగన్నాధం గాడు కూడా నవ్వినాడు."

తాయారు పొదుగు మీద చెయ్యి ఆపి తల తిప్పింది. "బేటరీ తెచ్చినావేటి నువ్వు?"

గణపతిరావు పలుపు చేతికి చుట్టుకున్నాడు.

"మన యమున గుంట అప్పటికి వణికిపోతన్నాది. సుట్టూ జనం. ఇంకొక్క గడియుంటే దానికి బేటరీ గేపకం వచ్చీసేది. 'మావయ్యకి సెప్పినాను, తేనేదు' అని అంతమందిలో అనీసేది. అప్పుడు నువ్వేటి సేసీవోడివి?"

ఆయన దూడ నుదురు గోకాడు.

"నాను సెప్పీనా? నోరు తెరిసినావు, అడుగు కూడా ఏసినావు. 'మూసీ ఈ దుకానం' అనీవోడివి. కోపంలో అన్నా సరే, అన్న మాట ఎనక్కి తీసుకోడం నీకు సేతకాదు. పెళ్ళైనకాడ్నించి సూస్తన్నాను కాదేటి? గది పోయీది, దాని పనీ పోయీది. నామీద కోపమైతే దానికి రెండ్రోజులకి పోతాది. నీ మీదొస్తే అది మనసులో పెట్టుకుంటాది. నువ్వు మరీ పెట్టుకుంటావు. అందుకే ఎవులో ఒకలు ఒప్పీసుకుంటే అక్కడితో పోతాదని ఒప్పీసుకున్నాను."



"నీకు కష్టంగా నేదేటి?" అన్నాడు గణపతిరావు.

"ఎందుకు నేదు? రాతిరి ఏడిసినాను కూడా. నువ్వు గురక పెడతన్నావు." ఆమె మళ్ళీ పాలధారలు మొదలెట్టింది. "దూడను ఇడిసీ. పాపం, దాని వంతు అది తాగనీ."

*

నీలవేణి దుకాణం తెరిచేసరికే గణపతిరావు మెట్ల మీద కూచుని ఉన్నాడు. కింద చెప్పుల కొట్టువాడు ఇచ్చిన టీ గ్లాసు చేతిలో ఉంది.

"ఇంత పొద్దున్నే వచ్చీసినావేటి బాబాయ్! నేనింకా మొహం కూడా సరిగ్గా కడుక్కోలేదు," అంటూ ఆమె తాళం తీసింది. రాత్రంతా నడవమని వదిలేసిన మిషను ఇంకా గుర్రుమంటోంది. తెర మీద వరసలు వరసలుగా అంకెలు. ఆమె అవి చదువుతూ తల ఊపింది. "డిస్కు బాగానే ఉన్నాది. ఒక్క చోటే దెబ్బ తింది. అది మిషనే పక్కకి పెట్టీసింది."

"ఇంక లేస్తాదా?"

"ఉండు." ఆమె కుర్చీ ముందుకి జరుపుకుంది. "నిన్న నేను ఒకటి మరిసిపోయాను. ఇంటికెళ్ళి కూర తరుగుతుంటే గుర్తొచ్చింది. కొత్త ప్రింటరు ఏదైనా పెట్టారా ఈమధ్య?"

"పెట్టింది. ఆసాడంలో."

"అదీ సంగతి. అలాంటి కొత్త సామాను పెట్టినప్పుడు మిషను ముందు జాగ్రత్తకి అప్పటి ఫైళ్ళు మూట కట్టి దాసుకుంటాది. నిన్న నేను ఆ ఖాళీ చోటే సూసి ఊరుకున్నాను."

వెతికింది. దొరికింది. తేదీ ఆషాఢానిదే. పాడైన ఫైలు పేరు మార్చి పక్కన పెట్టి, పాత మూటలోంచి దాని జోడీని తెచ్చి ఆ చోటులో పెట్టింది. ఒక్కొక్క అక్షరం టైపు చేసి, చివరి బటన్ నొక్కే ముందు మళ్ళీ మొత్తం చదువుకుంది. "పెన్ను డ్రైవు తీసీ బాబాయ్, అదిగో ఆ ఎర్రది," అంది. గణపతిరావు జాగ్రత్తగా, దాని తోక పట్టుకుని లాగాడు.

చక్రం తిరిగింది. ఆగింది. తెర నల్లబడింది. అంతలో తెర మీద పచ్చటి వరిచేను వచ్చింది. తమ చేనే. గట్టు మీద దేవేంద్ర నిలబడి ఉన్నాడు. యమున పెట్టుకున్న బొమ్మ.

"వచ్చీసినాదే!" అని గణపతిరావు లేచి నిలబడ్డాడు. మెట్ల కింద నుంచి చెప్పుల కొట్టువాడు "ఏటయ్యింది?" అని కేకేశాడు.

నీలవేణి బీమా పోగ్రాం తెరిచి చూసింది, వేలిముద్రల మిషను పేరు కనబడుతోందో లేదో చూసింది. ఒకటి మాత్రం కుదరలేదు. ప్రింటరు మళ్ళీ పెట్టుకోవాలి. "అది యమున సేసీసుకుంటాది," అని రేకు బిగించి, మరలు తిప్పుతూ, "కానీ బాబాయ్, ఇది ఇలాగే అట్టుకెల్తే మళ్ళీ వానొచ్చిన రోజు మళ్ళీ నా దగ్గరికే వస్తావు. ఆ యూపీఎస్..." అని ఆగింది.

"బేటరీ కావాల. ఒకటియ్యి," అన్నాడు గణపతిరావు. "నిన్న తెలీదన్నాను. తెలుసు. కోడలు సెప్పింది. నానే తేనేదు."

నీలవేణి కళ్ళజోడు పైనించి ఆయన్ని ఒక్క క్షణం చూసి, అటక మీది నుంచి ఒక బరువైన నల్ల బేటరీ దించింది. దాన్ని సంచిలో పెట్టి, ఎలా బిగించాలో, ఎర్ర తీగ ఎటు నల్ల తీగ ఎటు అన్నది ఆయనకి రెండుసార్లు చూపించింది. ఆయన తిరిగి ఆమెకి చెప్పి చూపించాడు.

*

ఆటో దిగేసరికి అరుగు నిండా మళ్ళీ జనం. లేచిందట అని ఫోనులో చెప్పిన మాట ఊరంతా పాకింది. పెట్టెని ఒక చంకలో, సంచిని ఇంకో చేతిలో పట్టుకుని గణపతిరావు వస్తుంటే జగన్నాధం ఎదురొచ్చి సంచి అందుకోబోయాడు.

"ఏటి బావా ఇంత బరువు?"

"నాను మోస్తాన్లే," అని ఆయన ఇవ్వలేదు.

యమున గబగబా తీగలు తగిలించింది. తాయారు లోపలి గుమ్మం అవతలే నిలబడి, తలుపు పక్కనుంచి చూస్తోంది. జగన్నాధం చూడనే చూశాడు. "అప్పా, నువ్వు అక్కడే ఉండు. మళ్ళీ తుడిసీగలవు," అన్నాడు. నవ్వడానికి జనం సిద్ధమయ్యారు.

గణపతిరావు సంచిలోంచి బేటరీ తీసి బల్ల మీద పెట్టాడు. బల్ల కొంచెం కదిలింది.

"ఒరే జగన్నాధం, ఇది ఎండాకాలంలో తేవలసింది. ఈ పిల్ల రెండుసార్లు సెప్పింది. నాను తేనేదు. కరెంటు పోయి మిషను పోనాది. మీ అప్ప నిన్న ఈ గదిలోకే రానేదు. నవ్వితే నన్ను సూసి నవ్వు."

ఎవరూ నవ్వలేదు. జగన్నాధం మెడ గోక్కున్నాడు. "అది కాదు బావా, ఏదో సరదాకి..." అని ఆగిపోయాడు. కాసేపటికి, "అప్పా, తప్పయిపోనాది," అన్నాడు తలుపు వైపు తిరిగి.

గణపతిరావు బల్ల కింద కూచుని యూపీఎస్ మూత విప్పుతున్నాడు. చెమట కళ్ళలోకి దిగుతోంది. పక్కన యమున వంగి దీపం పట్టుకుంది. ఎర్ర తీగ బిగించాక ఆయన నెమ్మదిగా అన్నాడు, "బేటరీ నేకే పోనాదని నీకు ఇప్పుడు తెలిసింది గావాల."

"నిన్న రాత్రే తెలిసింది మావయ్యా. ఏదో ఫైలని మీరు అన్నారు సూడండి, అప్పుడే."

"మరి అననేదేటి?"

యమున తలుపు వైపు చూసింది. "అత్త అన్నం తినమన్నారు కదా," అంది.

ఆయనకి నవ్వొచ్చింది. నవ్వుతూ రెండో తీగ బిగించాడు.

మిషను లేచింది. యమున కుర్చీలో కూచోలేదు. గుమ్మం దగ్గరికి వెళ్ళింది. అంతమంది ముందూ అత్తగారి రెండు చేతులూ పట్టుకుని ఏదో చెప్పబోయింది. తాయారు ఆమె చెంప మీద చెయ్యి వేసి, "పదమ్మా, జనం నిలబడిపోనారు," అంది. యమున ఆ చెయ్యి వదలకుండానే గదిలోకి తీసుకొచ్చి తన కుర్చీలో కూచోబెట్టింది. తాయారు చక్రాల కుర్చీ ఎటు జారిపోతుందోనని బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"ముందు మన పొలం ఎక్కిస్తాను. అందరివీ సేసి మనది ఆఖర్న సేద్దామనుకున్నాను. మానీసాను," అంది యమున. ఎవరూ కాదనలేదు. నిలబడే వివరాలు టైపు చేసింది. "మావయ్యా, వేలు పెట్టండి."

గణపతిరావు చొక్కాకి తుడుచుకుని కుడి బొటనవేలు ఆ చిన్న మిషను మీద పెట్టాడు. ఎర్ర దీపం వెలిగింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎరుపే. ఎడమ చేతిది పెట్టాడు. అదీ అంతే.

"నాగలి పట్టిన వేళ్ళు. గీతలు అరిగిపోయుంటాయి," అన్నాడు జనంలో ఎవరో.

"అరగడం కాదు. ఈ మడిసి పెట్టడమే అలగ పెడతాడు, పొడిసినట్టు," అంది తాయారు. కుర్చీలోంచే వంగి, ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. మట్టి పట్టిన ఆ బొటనవేలిని తన బొటనవేలితో కాసేపు మెత్తగా రుద్దింది. తరవాత దాన్ని నెమ్మదిగా గాజు మీద ఆనించి, పైనించి తన వేలు అదిమింది. "కదపకు," అంది.

ఆయన కదపలేదు. అరుగు మీద జనం మెడలు చాచి చూస్తున్నారు.

పచ్చ దీపం వెలిగింది.

"అయిపోయింది మావయ్యా, తీసీవచ్చు," అంది యమున.

గణపతిరావు వెంటనే తీయలేదు.